జానెడు దారం

నోల్బెర్తో మాస్టారు గ్లోబు మీద దారం పట్టి చూపించాడు.
నేను వడికిన దారమే, బూడిదరంగు గొర్రెది.
ఒక కొస సాంతియాగో మీద ఆయన బొటనవేలు,
రెండో కొస ఆక్లండ్ మీద నాది.
గోడపటంలో తిన్నగా పడమరకు పోయే దారి
బిగించి పట్టేసరికి
తనంతట తానే కిందికి జారి
దక్షిణాన మంచు పొలిమేర వైపు వంగింది.
కొలిస్తే జానెడు.
"తొమ్మిదివేల ఆరువందల చిల్లర కిలోమీటర్లు, ఎడువీహెస్!
పదమూడు గంటలు. అంతే."
జానెడు పొట్టకే ఇన్నేళ్లు పాట్లు పడ్డదాన్ని,
జానెడు సముద్రం ఓ లెక్కా!

అసలు దారి ఆ దారంలో లేదు.
దల్కావేలో వానలో బస్సెక్కాను.
జలసంధి దగ్గర పడవ కోసం గంటన్నర.
పడవలో బస్సు, బస్సులో నేను, నా ఒళ్లో ఉన్ని.
ఆ రాత్రంతా ఉత్తరానికి,
తెల్లారాక కూడా ఉత్తరానికే.
సొంత దేశంలోనే పద్దెనిమిది గంటలు!
కుడికాలి మేజోడు మడమ తిరిగి, పాదం సాగి,
రాజధాని బస్టాండులో ముడిపడింది.

విమానానికి ఎడమది మిగిలింది.
వెదురు సూదులు గనక
తనిఖీ కుర్రాడు తిప్పితిప్పి చూసి పోనిచ్చాడు.
"ఎవరికమ్మా?"
"నా కవలకి. రేపు మా పుట్టినరోజు."

పదమూడో తేదీ రాత్రి పదకొండున్నరకి నేల వదిలాం.
పన్నెండయింది. అరవైమూడు నిండాయి నాకు.
ఎవరికీ చెప్పలేదు, కాఫీ అడిగి తాగాను.
ఇక తెల్లారుతుంది కదా అని అల్లుతూ కూర్చున్నాను.
కిటికీ రేకు ఎత్తి చూస్తే చీకటి.
ఇరవై వరుసల తర్వాత చూసినా చీకటే,
టికెట్టు కొనుక్కున్నదానిలా మాతోనే వస్తోంది.
దిగేసరికి వేకువ నాలుగున్నర,
పదిహేనో తేదీ అన్నారు.
పద్నాలుగుకి పొద్దే పొడవలేదు.
ఆ మంచు అంచున ఎక్కడో
సూది మీంచి జారిన కుట్టులా పోయింది నా రోజు.

ఒతీలియా నాకంటే ఏడు నిమిషాలు చిన్నది.
ఆ ఏడు నిమిషాల్నీ జీవితమంతా వాడుకున్నాను:
కిటికీ పక్క మంచం నాది,
కుండలో మొదటి బంగాళాదుంప నాది,
అమ్మ వెండి లోలాకులు నావి.
ఇక్కడ గొర్రెల షెడ్డులో బొచ్చు కోసేవాళ్లకి వండిపెడుతుంది.
చూసి ఆరేళ్లయింది.

గేటు దగ్గర నిలబడి ఉంది, సగం కోసిన కేకు డబ్బాతో.
కావలించుకోకముందే అంది:
"నిన్న పగలంతా నాకు పుట్టినరోజు. నీకు లేదటగా!
ఇవాళ్టి నుంచి నేనే అక్కని."
నోరు తెరిచాను. మాస్టారుంటే లెక్క తేల్చేవాడు.
దాని జుట్టంతా తెల్లబడింది, నాకింకా చెవుల దగ్గరే.
"సరే అక్కా" అన్నాను.

ఒంటికాలి మీద గెంతుతూ అక్కడే కుడిది తొడుక్కుంది.
"ఎడమది?"
"మీ ఊరెంత దూరం?"
"మూడు గంటలు."
"బొటనవేలు వచ్చేస్తుంది. పద."