ముఖం పైకి

తార్నాకలో ఆఖరి బస్సు పోయాక
ల్యాబులో నేనూ, నాలుగు డిగ్రీల చలిగదీ,
ఆగకుండా ఊగే షేకరూ.

ఫ్లాస్కుల్లో బ్యాక్టీరియాకి చక్కెర దండిగా పోసి
నత్రజనికి మాత్రం కోత పెట్టాను.
కరువొస్తోందని పసిగట్టే ప్రాణి కదా,
తిన్నదంతా ఒంట్లోనే దాచుకుంటుంది
తెల్లటి గింజలుగా,
కొంగున ముడేసుకున్న చిల్లరలాగా.
పగలగొట్టి, కడిగి, ఆ గింజలే తీసుకున్నాను.
పాపం అనిపించింది.
రాత్రిళ్లు అన్నీ పాపంగానే అనిపిస్తాయి.

ఎంజైముది వేరే కథ.
జీడిమెట్ల కాలువ నుంచి తెచ్చిన ఎర్రనీళ్లలో వేస్తే
పొద్దుగూకే లోపు రంగు విరిచేస్తుంది.
పనయ్యాక దాన్నెక్కడ వెతికేది?
నీళ్లలో నీళ్లయిపోయింది.
మళ్లీ పెంచాలి, మళ్లీ వడగట్టాలి,
మళ్లీ బిల్లు మీద నీరజాక్షి మేడం సంతకం,
కళ్లద్దాల పైనుంచి ఆ చూపు.

అందుకే గింజకి కట్టేయాలనుకున్నాను.
పని చేయించుకుని, వడగట్టి,
మళ్లీ పనిలోకి దించాలని.
పదిహేడు సార్లు అంటించాను.
అంటింది కూడా.
లెక్క చూస్తే ప్రోటీన్ మొత్తం గింజ మీదే ఉంది,
నీళ్లు మాత్రం ఎర్రగానే ఉన్నాయి.
రిజిస్టర్లో సున్నా వేసి
దాని చుట్టూ ఇంకో సున్నా చుట్టాను.

గాజుసామాను కడిగే షాహెదాబీ
శాలిబండ నుంచి మొదటి బస్సుకే వస్తుంది.
సింకు దగ్గర నా మొహం చూసి
"ఏమైంది బిడ్డా, మళ్ల పలిగిందా?" అంది.
పగల్లేదు, అంటుకుంది, అదే బాధ అన్నాను.
మొత్తం చెప్పేశాను. ఎందుకో తెలీదు.
ఆ వేళప్పుడు వినేది ఆమే, ఆటోక్లేవే.

చేతులు తుడుచుకుంది.
"మా ఇంట్ల లక్కగాజులు చేస్తం.
నిప్పుల మీద లక్క మెత్తగైనంక రాళ్లు అద్దుతం.
కొత్తపోరీలు తొందరల బోర్లా అద్దుతరు.
రాయి ఊడదు, గట్టిగనే ఉంటది,
మెరుపే లోపలికి పోతది.
నీది గూడ బోర్లా పడ్డదేమో, చూడు."

కుళాయి కారుతూనే ఉంది.
టిష్యూ కాగితం మీద ఒక గుండ్రం గీశాను,
దానికి నోరు అదిమి
బోర్లా పడుకున్న నా ప్రోటీన్‌ని గీశాను.
రంగుని కొరికే నోరే గింజకి అతుక్కుపోతే
ఇంకేం కొరుకుతుంది!

ఆ ఆదివారం లాడ్‌బజార్‌లో జత గాజులు కొని
తిరుగు బస్సులో ఒక్కో రాయినీ
గోటితో గీకుతూ కూర్చున్నాను.
పక్కసీటు ఆవిడ కొంచెం జరిగి కూర్చుంది.

తర్వాత నాలుగు నెలలు జన్యువుతో కుస్తీ.
నోటికి ఆవలివైపు, తోక చివర,
గింజని మాత్రమే పట్టుకునే కొక్కెం ఒకటి కుట్టాను.
రెండుసార్లు కొక్కెం ఊడింది.
ఒక వానకి కరెంటు పోయి
ఫ్రీజర్‌లో సగం పని కరిగి కారిపోయింది.

నిమజ్జనం రోజు రోడ్లన్నీ మూసేశారు.
ఊరంతా కరగాల్సినదాన్ని నీళ్లలోకి దించుతుంటే
నేను కరక్కూడనిదాన్ని దించాను.
దూరంగా డప్పులు.
మధ్యాహ్నానికి నీళ్లు గడ్డిరంగుకొచ్చాయి.
వడగట్టాను, గింజలు అడుగున తడిపిండిలా.
మళ్లీ ఎర్రనీళ్లు. మళ్లీ.
ఎనిమిదోసారికి కాస్త అలిసింది,
అయినా సగానికి పైనే పనిచేసింది.
పదకొండోసారి ఆపేసింది నేనే, నిద్రాగక.

తెల్లారి కళ్లు తెరిచేసరికి
షాహెదాబీ ఫ్లాస్కుని కిటికీ వెలుగుకి పట్టి చూస్తోంది.
"ఎర్రగుంటెనే బాగుండె," అంది.
అడుగున తెల్లటి మడ్డి చూసి
బ్రష్ అందుకుంది.
"కడగాల్నా ఇది?"

వద్దనబోయాను.
రెండు చేతులూ అప్పటికే ముందుకు చాచాను కూడా.

కడుగు షాహెదాబీ,
పోతుందేమో చూద్దాం.