వన్ బై టూ

చాయ్ పన్నెండు.
పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి.
నడుమ సీస నీళ్లు ఇర్వై, నాలుగు ఇడ్లీలు నలబై.
రోజుకు ఎనబై నాలుగు, నెలకు ఇర్వయ్యారు దినాలు.
ఈ లెక్క కాజీపేట పుష్‌పుల్‌ల నిలబడి చేసిన,
మోకాళ్లకు ఎవరిదో బెండకాయల గంప ఒత్తుకుంటుంటె.
రెండువేల నూట ఎనబై నాలుగు.
మళ్లోసారి చేసిన. అంతే వచ్చింది.
జమ్మికుంటల మా ఇంటి కిరాయిల సగం
సప్పుడు లేకుంట నా నోట్లెకే పోతున్నది.

సోమారం డబ్బా కట్టిన.
టమాట పప్పు. కారింది.
హన్మకొండ కోర్టు ముంగట మా జిరాక్సు షాపుల
ఎవరిదో పాసుపుస్తకం నకలు పచ్చగైంది.
వకీలు ఒర్రిండు. మళ్ల తీసిచ్చిన, మూడు రూపాయలు.
పోనీ, ఎనబై ఒకటి మిగిలినయనుకున్న.

మంగళారం సర్వపిండి.
"గిన్నప్ప అనాలె, మా గిర్మాజీపేటల గట్లనే అంటరు" అన్నది ఫర్జానా.
"సర్వల చేస్తె సర్వపిండే" అన్న నేను.
పేరు తేలకముందే డబ్బా అడుగు కనవడ్డది.
పంటి సందుల ఇరికిన పల్లిబద్ద
నాలుగ్గొట్టే దాక అక్కరకొచ్చింది,
ఆకలైనప్పుడల్లా నాలికె దాన్నే ఎతుక్కున్నది.

బుధారం ఆమె దాల్చా, నా అన్నం.

బేస్తారం మాత్రం మూత తియ్యబుద్ధి కాలె.
ఎదురుంగ మిర్చిబండి.
పిండిల ముంచి నూనెల ఇడిసినప్పుడు అయ్యే ఆ సప్పుడు
ఏ మిషనుకూ రాదు.
ఈపు అటు జేసి కూసున్న.
ఒక గ్లాసు నీళ్లు తాగిన. ఇంకో గ్లాసు తాగిన.
కడుపుల నీళ్లు కదులుతుంటె అఫిడవిట్లు కొట్టిన:
"నేను పూర్తి స్పృహతో, ఎవరి బలవంతము లేకుండా..."

శనివారం వాన. బండి గంటన్నర లేటంట.
తల తడవకుంట నిలవడదామని
ఓదెలు చాయ్ బండి పరద కిందికి పోయిన.
"కొల్వు మారినవేమో అనుకున్న బిడ్డా."

ఏం చెప్పాలె.
నా దగ్గర ఇర్వై నాలుగు మిగిలిన ప్రతి దినం
ఆయన గల్లల ఇర్వై నాలుగు తక్కువ.
ఈ తీసివేత నా పుస్తకంల లేదు.

ఆయన బల్ల కిందికెల్లి డబ్బా తీసిండు.
మక్కగట్క, పచ్చిపులుసు.
"పక్క హోటల్ల బువ్వ తొంబై జేసిండ్రు" అన్నడు,
నేనేదో అడిగినట్టు.
"చాయ్ తాగవా?" అన్న.
"నా చాయ్ నేను తాగక ఎనిమిదేండ్లాయె.
దినాం నాలుగు తాగితె నాకేం మిగుల్తది?"

పరద మీద వాన జోరు జేసింది.
ఒక్క చాయ్ చెప్పిన, రెండు గ్లాసులల్ల పొయ్యిమన్న.
గ్లాసులు జోడుగ పెట్టి, వంగి,
కంటితోటి కొలిసిండు.
నా దాంట్లె ఇంకో చుక్క వంచిండు.

"ఎట్లున్నది?"
ఆయన చేసిన చాయ్ గురించి ఆయన్నే అడిగిన.

మొదటి గుక్క నోట్లె ఆపుకొని
శానసేపు వాన దిక్కు చూసిండు.

"అల్లం ఎక్కువైతున్నది.
అగ్గువకు వస్తదా అల్లం!
ఇన్ని దినాలు ఎవ్వరు జెప్పకపోతిరి."