మూడో రూపాయి

స్కేలు కాట్పాడి బస్సులోనే ఉండిపోయింది.
నాలుగడుగుల ఇనుప స్కేలు, సీటు కింద.
అది లేనిదే జ్ఞానప్రకాశం సారు
పియానో మూత కూడా ఎత్తడు.

గ్రీమ్స్‌పేట చర్చిలో, ఫ్యాను కింద,
చానాసేపు తన చేతులే చూసుకున్నాడు.
తర్వాత నావైపు తిరిగి,
"మీ నాయన బేల్దారి గదా,
గోడ దేంతో చూస్తాడు?" అన్నాడు.

దారంతో.
జేబులోనే ఉండింది, సున్నం వాసనేస్తా.

ఎనభై ఎనిమిది మెట్లు.
ఇటొక చెక్క, అటొక చెక్క అణిచి
దారం బిర్రుగా లాగినాను.
వేలితో మీటితే సన్నగా మూలిగింది.
"అది గూడా తంతే లేరా" అని నవ్వినాడు సారు.

మెట్ల మీదనే ఆనించి చూసినా:
అన్నీ సరిగ్గా ఉండాయి సార్.

"ఉండవు.
ఎత్తు మెట్టు దారాన్ని తన మీదికి ఎక్కించుకుంటాది.
తాకిన దారం
తాకినోడి మాటే చెప్తాది."

కానుకల సంచి విప్పించి
ఒకే సంవత్సరం రూపాయి బిళ్ళలు మూడు ఏరినాడు.
రెండు, రెండు కొసల్లో దారం కింద.
మూడోది నా వేళ్ళ సందున,
ఒక్కొక్క మెట్టు మీదా జరుపుకుంటా.
ఇరుక్కుంటే ఎత్తు.
కింద గాలాడితే పల్లం.
రాసీ రాయనట్టు దాటిపోతే
సారు కళ్ళు మూసుకుని తలూపుతాడు.

నడిమధ్య పద్నాలుగు మెట్లు కుంగినాయి,
సుగుణవతి టీచరు ముప్పై ఏండ్ల ప్రార్థనంతా
ఆడనే.
వాటి కింద పెట్టను పల్చటి కాగితం కావాల.
స్కేలును ఎత్తకపోయిన ఆ బస్సు టికెట్టే
గుండ్రంగా కత్తిరించి, నడుమ బెజ్జం పొడిచి
ఒక్కో బిళ్ళా దూర్చినాము.

మా నాయన ఒకసారి నా చేతి మీద కొట్టినాడు,
ఇటుకను దారానికి ఆనించినానని.
ఇటుకకూ దారానికీ నడుమ
వెలుతురు కనపడాలంట.
దారం అరిగిపోతాదని కాబోలు అనుకున్నా
అన్నేండ్లూ.

పొద్దు గూకేటప్పటికి
నిలిచిన నీళ్ళ మాదిరి మెట్లు.
టీచరమ్మ కూర్చుని, మొదట నడిమి మెట్లు
అరచేత్తో తడిమింది, వాయించలేదు.
"నా గుంత ఏమాయె?" అనింది.

వాయించింది.
బాగుండాది. చానా బాగుండాది.
ఎడంచేతి పక్క, అడుగు స్వరంలో మాత్రం
లోపలెక్కడో గల్లుమనింది.

సారు నావైపు చూసినాడు.
కానుకల సంచి పట్టుకుని
వాచ్‌మన్ నిలబడి ఉండాడు.
నా గుప్పిట్లో
రెండే.