దాలి

మా లెక్కలో చలి అంటే పద్నాలుగు డిగ్రీలు,
రెండు గంటలు.
సన్నటి గొట్టాలు కుట్టిన చొక్కాలో
చల్లనీళ్లు తిరుగుతుంటాయి.
వణుకు గడప దగ్గర మనిషిని ఆపాలి,
దాటనివ్వకూడదు.
వణికితే కండలు పనిలోకి దిగుతాయి.
మాక్కావలసింది కండ కాదు, కొవ్వు.

మా ఇంట్లో అది తిట్టు.
ఎదురు చెప్పిన పిల్లకి ఒళ్లు కొవ్వెక్కిందనేవాళ్లు.
నాకు చాలాసార్లే ఎక్కింది.
ఇప్పుడు హల్ నగరంలో
హంబర్ మీంచి వచ్చే గాలి కిటికీ రబ్బరు కొరికే ఫిబ్రవరిలో
జీతం పుచ్చుకుని దాన్నే వెతుకుతున్నాను.

తెల్లదాన్ని కాదు.
తెల్లది బొడ్లో తాళంగుత్తి దోపుకున్న పెత్తనపు అత్త,
అడిగినా తీయదు, అడక్కపోయినా దాస్తుంది.
ఇంకోటుంది, గోధుమరంగుది,
కణం కణంలో ఇనుము నిండినది.
పసిబిడ్డల వీపు మీద, పెద్దయ్యాక మిగిలితే మెడ మొదట్లో.
నరాల మీదుగా చలి కబురు రాగానే
తన నూనె చుక్కలు తానే కరిగించుకుని,
చాలక, నెత్తుట్లో తేలే కొవ్వునీ లాక్కుని
కాల్చేస్తుంది.
ఆ మంటతో బండి కదలదు, బరువు లేవదు.
ఉత్త వెచ్చదనం.

మొదట యంత్రం కింద నేనే పడుకున్నాను.
మెదడు వెలిగింది, మూత్రాశయం వెలిగింది,
మెడ అమావాస్య.
"కాకినాడ ఎండ," అని నవ్వాడు ఓవెన్.

పదిహేడో మనిషి లినెట్ హెబుల్‌వైట్.
అరవై మూడేళ్లు, హెసిల్ రోడ్డు,
చేపల షెడ్డులో ముప్పై ఏళ్లు హాడక్ ముళ్లు తీసిన వేళ్లు.
సూదికోసం నేను నరం తడుముతుంటే
"ఎడమది మేలు చిన్నదానా, కుడిది మొండిది," అంది.
నీళ్లు పద్నాలుగుకు దిగాయి.
అందరికీ రోమాలు లేచే చోట
ఆమెకు కునుకు పట్టింది.
మీటరు పాడైందేమోనని రెండుసార్లు తట్టాను.

తెర మీద,
మెడకు అటూ ఇటూ, భుజాల మీద,
వెన్ను వెంట గింజలు గింజలుగా, నిప్పు.
పాలకుండ కింద పిడకల దాలి ఇలాగే ఉండేది,
పైకి బూడిద, ఊదితే ఎరుపు.
ఈ వయసులోనా అని ఓవెన్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.
నెత్తుటి కాగితం చూస్తే అక్కడా కొవ్వు తక్కువే.
అద్భుతం అన్నాడు. నేనూ అన్నాను.
వ్యాసానికి పేరు కూడా ఆలోచించేశాం.

ఒక ఫారం మిగిలింది.
పదకొండో ప్రశ్న: శీతాకాలంలో మీ ఇంట్లో ఎన్ని డిగ్రీలు?
పద్దెనిమిది అని రాసింది.
కొట్టేసింది.
పన్నెండు.
పెన్ను ఎత్తకుండా దాన్నే చూస్తూ కూర్చుంది.
"తెల్లారుజామున తొమ్మిది," అంది.
"కార్డులో డబ్బు వేస్తేనే గ్యాసు మీటరు కళ్లు తెరుస్తుంది.
లెన్ పోయి మూడు చలికాలాలు. పైగది మూసేశాను.
వంటింట్లో కోటుతోనే పడుకుంటా.
అలవాటైపోయిందిలే."

అలవాటు.
మా వ్యాసంలో దానికి ఇంతకన్నా పొడుగు పదముంది.

చల్లగా ఉండు తల్లీ అని మా భాషలో ఒక దీవెన.
నోటిదాకా వచ్చి
గొంతులో ముల్లులా అడ్డం తిరిగింది.

"ఇంతకీ బాగుందా నా లోపల?"
తెర అటు తిప్పాను.
చాలాసేపు చూసింది. గాజు మీద వేలు పెట్టి
ఒక్కో నిప్పుకణికా తాకింది.
"ఇంత మంటే! దీనికి బిల్లెవరు కడుతున్నారు?"

దారిఖర్చుల కింద ముప్పై పౌండ్లిచ్చాం.
బస్సుకు సరిపోను తీసి వేరే జేబులో వేసింది,
మిగతా నోట్లు మడిచి మీటరు కార్డు పక్కన.
ఆ డబ్బు గ్యాసుగా మారితే, వచ్చే నెల బొమ్మలో
మా నిప్పు కాస్త తగ్గుతుంది.
ఓవెన్‌కి చెప్పలేదు గానీ
తగ్గాలనే ఉంది నాకు.

బయట హాల్లో రేడియేటరు మీద రెండు చేతులూ ఆనించి
నిలబడింది లినెట్.
ఒక బస్సు వెళ్లిపోయింది.
ఇంకొకటి కూడా.