ఆర్విల్ చీటీలు

ఇల్లు కట్టి చూడమన్నారు గానీ
కొని చూడమని ఎవరూ అనలేదు.

డులూత్‌లో, కొండవాలున,
సరస్సు గాలి ఎదురుగా వచ్చి తన్నే చోట
తొంభై ఏళ్ల చెక్క ఇల్లు.
తాళాలు చేతికొచ్చిన రోజే నేలమాళిగలోకి దిగాను.
గొట్టాలు.
ఇనుపవీ, రాగివీ, తెల్ల ప్లాస్టిక్‌వీ,
మూడు తరాలవాళ్లు ఒకే బల్లమీద ఇరుక్కుని కూర్చున్నట్టు.
ప్రతి వాల్వు మెడలో దారంతో కట్టిన అట్టముక్క,
దాని మీద పెన్సిల్ రాత.

"వంటగది. పావు తిప్పితే చాలు."
"పెరటి కుళాయి. అక్టోబరు పదిహేనులోగా కట్టెయ్. మర్చిపోతావు."
"దీన్ని ముట్టుకోకు."
"ఇది ఎటు పోతుందో నాకూ తెలీదు.
డెబ్బై నాలుగు నుంచీ వెతుకుతున్నా."

ఆర్విల్ హెల్గెసన్.
నాకు ముందు నలభై ఒక్క ఏళ్లు ఇక్కడున్న మనిషి.
అమ్మకం కాగితాల మీద వంకర సంతకం తప్ప
ఆయన ముఖం నేనెరగను.
రేవులో క్రేను నడిపేవాడని పక్కింటి డొలోరిస్ చెప్పింది.
నోట్లోంచి మాట ఊడిపడేది కాదట.
ఎలా పడుతుంది,
అన్నీ తెచ్చి ఇక్కడ గొట్టాలకు కట్టేస్తే.

మొదటి చలికాలం
వేడినీళ్ల ట్యాంకు కడుపులో పేలాలు వేయించడం మొదలెట్టింది.
దాని నడుముకీ ఒక చీటీ:
"అరిస్తే భయపడకు. అడుగున మడ్డి.
ఏడాదికోసారి బకెట్టు పెట్టి కింది కుళాయి విప్పు."
ఆ కింద తేదీలు, ఏడాదికొకటి.
చివరి నాలుగేళ్లు ఖాళీ.
బకెట్టు మొయ్యలేకపోయాడో, మెట్లే దిగలేకపోయాడో.
నేను విప్పాను.
తొమ్మిది బకెట్లు ఇటుకపొడి రంగు.
పదోది కాస్త తేటపడింది.

జనవరి. మైనస్ ముప్పై. రాత్రి రెండు.
ఆసుపత్రి లాండ్రీలో షిఫ్టు ముగించుకొచ్చి
బూట్లు విప్పుతుంటే కింద వాన చప్పుడు.
ఇంట్లో వాన!
ట్యాంకు అడుగు ఊడింది. చీలమండల దాకా నీళ్లు.
టార్చి పళ్ల మధ్య పెట్టుకుని తడుముకుంటూ వెళ్లాను.
"అన్నిటికీ తల్లి ఇదే. కుడికి. గట్టిగా."
గట్టిగానే తిప్పాను. ససేమిరా అంది.
చీటీ వెనక్కి తిరిగింది:
"తిరగలేదా? పైన దూలానికి సుత్తి ఉంది.
మెల్లగా కొట్టు, గట్టిగా తిట్టు. రెండూ కావాలి."

చెయ్యెత్తితే సుత్తి.
కొట్టాను.
మా అమ్మమ్మ చేపలు తోముతూ తిట్టే
ఫిన్లండు తిట్లు, నాకు అర్థం తెలియనివి కూడా, తిట్టాను.
కదిలింది.
వాన వెలిసింది.

పొద్దున ప్లంబర్ వెండెల్ వచ్చి
పాత ట్యాంకులోంచి ఒక తీగ లాగి చూపించాడు.
"ఇది కడ్డీ, మిస్ లేటినెన్. బొటనవేలంత లావుండాలి.
తుప్పు ముందు దీన్ని తింటుంది, ట్యాంకు జోలికి పోదు.
ఇదయిపోయాక ఇంక ట్యాంకునే.
మారుస్తుండాలని ఎవరూ చెప్పలేదా?"
ఆర్విల్ చెప్పలేదు. అన్నీ చెప్పినవాడు ఇదొక్కటీ చెప్పలేదు.
నేనేమీ అనలేదు.
బిల్లు చూశాక అన్నాను.

పోతూ పోతూ వెండెల్
ఆ ఎటుపోతుందో తెలియని గొట్టం దగ్గర ఆగాడు.
చీటీ చదివి నవ్వాడు, టోపీ తీశాడు,
గోడకి చెవి ఆనించి తట్టుకుంటూ తట్టుకుంటూ
అరగంట, డబ్బులడక్కుండా.
చివరికి నా పెన్సిల్ తీసుకుని ఆర్విల్ రాత కింద రాశాడు:
"నాకూ తెలీదు. వెండెల్."

కొత్త ట్యాంకుకి కొత్త అట్టముక్క.
బూట్లపెట్టె మూత కత్తిరించాను.
"పెట్టింది జనవరి పదిహేడు.
కడ్డీ మూడేళ్లకోసారి చూడు. చూడకపోతే ఏమవుతుందో
డొలోరిస్‌ని అడుగు, నా తిట్లు ఆవిడకీ వినపడ్డాయి."
ఇంకొంచెం చోటు మిగిలితే
"వంగి లేచేటప్పుడు తల జాగ్రత్త" అని రాశాను.

పెన్సిల్‌కి దారం కట్టి
సుత్తి పక్కనే వేలాడదీశాను.