కుడికి ఇంకో జానెడు

స్టీరింగ్ నీది స్టామెన్, నోరు నాది.
వెనక ఇరవై రెండు టన్నుల ఎర్ర మిరప పచ్చడి, సీసాల్లో.
నువ్వు బ్రేకు ఎలా తొక్కావో
నాకంటే ముందు వాటికి తెలుస్తుంది.

ప్లొవ్‌దివ్ నుంచి రోటర్‌డామ్ దాకా
ఒకే తారు, ఒకే తెల్లగీత అనుకున్నావు కదూ.
నేనూ అనుకున్నాను పందొమ్మిదేళ్ల కిందట.
గీత ఒకటే.
దాన్ని చదివే బళ్లు వేరు.

సెర్బియాలో ఎదురొచ్చేవాడు
రెండుసార్లు లైటు కొట్టాడు, గుర్తుందా?
ముందు పొదల చాటున పోలీసున్నాడని.
వాడెవరో నీకు తెలీదు, నువ్వెవరో వాడికి తెలీదు,
ఆ ఒక్క క్షణం మాత్రం
మేనత్త కొడుకు.

ఇటలీకి తీసుకెళ్తా నిన్ను, వచ్చే నెల.
బొలోన్యా దాటాక అద్దం నిండా ఓ చిన్న కారు,
ఎడమ ఇండికేటర్ ఆపకుండా కొట్టుకుంటూ
నీ బంపర్‌ని వాసన చూస్తుంది.
తిట్టు కాదు అది.
పెళ్లి భోజనాల దగ్గర వెనకనించి తోస్తారే,
అదీ.

ఇంగ్లండ్ మాత్రం నాకు అంతుబట్టలేదు.
మూడు వరసల నడిమి దాంట్లో
ఓ పెద్దావిడ, నిమ్మకు నీరెత్తినట్టు,
బర్మింగ్‌హామ్ నుంచి కార్లైల్ దాకా.
పక్క వరస ఖాళీ.
లారీకి మూడో వరస లేదు, నేను ఆమె వెనకే.
ఒక్కరూ హారన్ కొట్టలేదు.
ఇరవై కార్లు లోలోపల ఉడుకుతున్నాయి
మూత బిగించిన కుండల్లా.
అరుపులకి అలవాటుపడ్డ దాన్ని,
ఆ నిశ్శబ్దానికి చేతులు చెమర్చాయి.

ఇక్కడ, జర్మనీలో, ఎడమ వరస ఎవరి సొత్తూ కాదు.
చేబదులు.
పని కాగానే తీర్చెయ్యాలి.
మనలాంటి రెండు లారీలు పక్కపక్కన పాకితే
ఏనుగుల పందెం అంటారు వీళ్లు.
గంటకు ఒక్క కిలోమీటరు తేడా,
దాటడానికి నాలుగు నిమిషాలు,
వెనక ఖరీదైన కార్లన్నీ పళ్లు నూరుతూ.
దాటినవాడికి ఒక్కసారి లైటు కొట్టు: వచ్చెయ్, చోటుంది.
వాడు కుడీ ఎడమా మిణుకుతాడు.
ఈ ఖండంలో తప్పుల్లేకుండా
నాకొచ్చిన భాష అదొక్కటే.

ఆగు. ఎర్రదీపాలు.
మెల్లగా.

చూడు, ఎవరూ చెప్పలేదు,
ఎడమవాళ్లు ఎడమకి ఒరిగారు, మనవాళ్లు కుడికి,
నడుమ దారి విడింది
దువ్వెనతో పాపిట తీసినట్టు.
సైరన్ ఇంకా లేదు.
ఐదు నిమిషాలు. పావుగంట.
ముందు కారులో పిల్లాడు అరటిపండు తింటున్నాడు.
ఇంత మంది అపరిచితులు కలిసి
ఓ ఖాళీని కాపలా కాస్తున్నారు.

మన దగ్గరో? అని అడుగుతావు, నాకు తెలుసు.
మన దగ్గర, ట్రాకియా రోడ్డు మీద,
అంచు వరస తొందరున్నవాళ్లది.
ఆ ఆగస్టులో నాకూ తొందరే.
చెల్లెలి కూతురి బాప్తిజం,
వెనక సీట్లో కేకు కరిగిపోతోంది.
ట్రాఫిక్ ఆగగానే అంచుకు దిగి లాగించాను.
వెనక సైరన్.
నాకోసమే అనుకున్నాను, జరిమానా రాస్తారని,
ఇంకా గట్టిగా తొక్కాను.
అప్పుడు అద్దంలోకి చూశాను.
తిరగేసి రాసిన అక్షరాలు
అందులో మాత్రం సరిగ్గా కనబడతాయి.
ఎడమన కార్ల గోడ, కుడిన ఇనప రెయిలింగు.
నా వెనకే, నా తొందర వేగంతో,
కిలోమీటరున్నర.

లోపల ఎవరున్నారో తెలీదు.
వార్తల్లో వెతకలేదు, కావాలనే.
కేకు బాగానే ఉంది,
అందరూ రెండోసారి అడిగి తిన్నారు.

మొహం అటు తిప్పు, నన్నేం చూస్తావు,
అద్దం చూడు.
వస్తోంది, నీలం దీపం,
ఇంకా గోరంతే.
కుడికి, స్టామెన్.
సరిపోతుందిలే అనకు.
ఇంకో జానెడు.