బురుజు, డెబ్బై రెండుకు ఒకటి

ప్రకాశం బజార్ల మా ప్రెస్సుకు
మూఢం వస్తె పని ఉండది.
మిగిలిన శుభలేఖల అట్టలు గుట్టవడి ఉంటయి.
ఈసారి మూఢం తెగక నడిచింది,
నేను యుద్ధం మొదలువెట్టిన.

మొదటిసారి గద, కొలతే ఒక పట్టాన కుదరలె.
డెబ్బై రెండుకు ఒకటి అనుకున్న:
మనిషంటె అంగుళానికి జర తక్కువ.
మా ఊరి ముప్పై అడుగుల బురుజు
అయిదంగుళాలు,
ఛాయ్ గ్లాసు కంటె కొంచెం పొడుగు.

మొదటిది మైదపిండి లైతోని అతికిస్తె
రాత్రికి రాత్రి బొద్దింకలు కూలగొట్టినయి.
రజాకార్లు మూడు దినాలు తన్లాడిన పని.

రెండోది ఫెవికాల్ తోని.
గుండ్రంగ వంగుమంటె అట్ట ఇనదు.
లోపలిదిక్కు బ్లేడుతోని నిలువు గీతలు గీస్తె
అప్పుడు వంగింది, ముసలెద్దు కాడికి వంగినట్టు.
రాళ్లకు గుడ్డుపెంకులు, సందులకు సున్నం,
ఎండిన గడ్డికి వాడేసిన ఛాయ్‌పత్తి.
మూసీ ఒడ్డు మట్టి నిజందే తెచ్చిన;
జల్లెడ పట్టినా ఒక్కొక్క ఇసుక రేణువు
బొమ్మల కాళ్లకాడ బండరాయంత.
నిజం మట్టి ఈడ మట్టి లెక్క ఉండది.

లోపలి గోడ మీద ఎవరిదో పెండ్లి ఉండిపోయింది.
"చి.ల.సౌ. సుగుణ" దాకనే,
వరుని పేరు కత్తెరకు పోయింది.
లోపల ఎవరు చూస్తరు, అనుకున్న.

బొమ్మలు హైదరాబాద్ నుంచి తెప్పిస్తె
అందరు తెల్లదొరల సిపాయిలు, ఇనుప టోపీలు.
టోపీలు ఆకురాయితోని అరగదీసి
దారం చుట్టి రుమాళ్లు చేసిన,
చినిగిన గొంగడి పోగులు భుజాన వేసిన.
తుపాకులకు సన్నని పుల్ల కావాలంటె
సైకిల్ షాపు మొయిన్ భాయ్ స్పోక్ తీసిండు.
"ఎవరి తుపాకులకు?"
"రెండు దిక్కులకు."
జరసేపు ఊకుండి
ఇంకో స్పోక్ ఇచ్చిండు.

అంత అయినంక ఈదవ్వను ఆటోల తీస్కొచ్చిన.
మా తాత చెల్లె. అప్పుడామెకు ఏడేండ్లు.
ఫ్లోరిన్ నీళ్లు తాగి గట్టివడ్డ మెడ,
కిందికి వంగది, పక్కకు తిరగది.
టేబుల్ మీది యుద్ధం ఆమెకు కనవడలె.
ప్లైవుడ్ చెక్కను రెండు చేతుల లేపి
ఆమె కండ్ల ముంగట పట్టిన.

ఇన్ని దినాలు నేను పైనుంచే చూసిన,
విమానంల కూసున్నోని లెక్క.
ఆమె గడప ఎత్తున చూసింది.
దర్వాజకు కన్ను ఆనిచ్చింది.
నా చేతులు వణికి సిపాయి ఒకడు బోర్లవడ్డడు,
ఆమె వాన్ని పట్టించుకోలె.

"లోపల ఎవ్వరు లేరేందిరా?"
"లోపల కనవడది గదవ్వా."
"మేం లోపల్నే ఉంటిమి."

ఎంతమంది అంటె యాదికి లేదన్నది.
కడవల నీళ్లు రెండోనాడే ఒడిసినయన్నది.
మేకపిల్ల అరవకుండ దాని మూతి
తానే పట్టుకున్నదట, రాత్రులన్ని.
ఆ వేళ్లు ఇప్పటికీ అట్లనే ముడుచుకొని ఉన్నయి,
నీళ్లకో, ఎందుకో.

"బయట మంచిగ చేసినవ్" అన్నది, ఆటో ఎక్కుకుంట.

ఫెవికాల్ గట్టివడ్డది, బురుజు కప్పు లేవది.
ఆ రాత్రి షట్టర్ సగం దించి
ఇంట్లకెళ్లి కందిగింజలు తెచ్చిన.
ఈ కొలతకు కందిగింజ
మోకాళ్ల నడుమ తలవెట్టుకున్న పిల్లంత.
తుపాకి కంతల నుంచి
ఒక్కొక్కటి లోపలికి జారవిడిచిన.
లెక్కవెట్టలె.

శ్రావణం వచ్చింది. కార్డుల పని మీదవడ్డది.
చెక్కను అల్మార మీదికి ఎక్కిస్తుంటె
బురుజు గలగలమన్నది.
మెషీన్ కాడి పోరడు తల లేపి
"ఏదో ఊడింది సార్" అన్నడు.